ఎయిర్‌ఫైబర్: స్పీడ్ టెస్ట్ బాగుంది, రాత్రిళ్లు వీడియో కాల్ మాత్రం తెగుతోంది. ఎందుకు?

ప్రశ్న (కొండాపూర్, 4వ అంతస్తు):
మా బిల్డింగ్‌కి ఫైబర్ రాలేదు కాబట్టి 5జీ ఎయిర్‌ఫైబర్ తీసుకున్నాం, 100 ఎంబీపీఎస్ ప్లాన్. టెస్ట్‌లో డౌన్‌లోడ్ 90 పైనే, అప్‌లోడ్ 10, పింగ్ (సర్వర్‌కి వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం) 25 ఎంఎస్ (మిల్లీసెకన్లు). అయినా రాత్రి ఎనిమిది దాటితే కాల్‌లో మాట ముక్కలవుతోంది. రెండు సీసీ కెమెరాలు, ఫోన్ల ఫొటో బ్యాకప్ క్లౌడ్‌కి వెళ్తుంటాయి. రౌటర్ మార్చాలా, కంపెనీనే మార్చాలా?

జవాబు 1:
ముందే ఏదీ మార్చకండి. ఆ 25 ఎంఎస్ లైను ఖాళీగా ఉన్నప్పటి పింగ్. కాల్‌ని చెడగొట్టేది లైను నిండినప్పటి పింగ్. లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో కలిపి (వైఫై తప్పో కాదో అక్కడే తేలిపోతుంది) 1.1.1.1కి (అందరూ వాడుకోగల ఒక ఇంటర్నెట్ సర్వర్ అడ్రస్) ఆగకుండా పింగ్ పెట్టండి. అది నడుస్తుండగా ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్ చేయండి. పింగ్ వందలకు ఎగబాకితే దోషం అప్‌లోడ్ క్యూది, అంటే బయటికి వెళ్లడానికి మోడెమ్‌లో వేచి ఉండే డేటా వరసది. లెక్క చూడండి: 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ముందు 1 ఎంబీ డేటా పేరుకుంటే, అది ఖాళీ అవడానికే 800 ఎంఎస్. మీ మాట ఆ క్యూ చివర నిలబడుతుంది.

3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో డౌన్‌లోడ్, అప్‌లోడ్ ఒకే చానల్‌ని వంతులవారీగా వాడుకుంటాయి. మామూలు అమరికలో 0.5 ఎంఎస్ స్లాట్లు (వంతులు) ఐదుంటే అప్‌లోడ్‌కి పూర్తిగా దక్కేది ఒక్కటే. ఆ వంతు కోసం కూడా టవర్‌ని అడగాలి. అందుకే ఖాళీ లైన్లో కూడా ఫైబర్ కన్నా పింగ్ కాస్త ఎక్కువే ఉంటుంది.

జవాబు 2:
పై మాట నిజమే, కానీ సిగ్నల్ చూడకుండా తీర్పు ఇవ్వలేం. బయటి యూనిట్ సెట్టింగ్స్ పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీతో (సిగ్నల్ బలం) పాటు ఎస్‌ఐఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందో చెప్పే అంకె) చూడండి. మైనస్ 80 ఆర్‌ఎస్‌ఆర్‌పీ, 4 ఎస్‌ఐఎన్‌ఆర్ కన్నా మైనస్ 95, 18 చాలా మేలు. మొదటిదాంట్లో పక్క టవర్ల రొద ఎక్కువ. ప్యాకెట్లు మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది, పింగ్ ఎగుడుదిగుడవుతుంది. కొండాపూర్, గచ్చిబౌలి వైపు అద్దాల భవనాలు సిగ్నల్‌ని ఎటుపడితే అటు తిప్పికొడతాయి కాబట్టి టవర్ వైపే గురి పెట్టాలన్న పట్టుదల వద్దు. పది డిగ్రీల చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగి ఎస్‌ఐఎన్‌ఆర్ రాసుకోండి. ఈ పని రాత్రి రద్దీలోనే చేయాలి. యూనిట్‌ని మాత్రం కిటికీ లోపల పెట్టొద్దు, లోహపు పూత ఉన్న అద్దం సిగ్నల్‌ని బాగా తినేస్తుంది.

జవాబు 3:
క్యూకి మందు ఎస్‌క్యూఎం, అంటే క్యూ పేరుకోకుండా రౌటర్‌లోనే డేటాని అదుపు చేసే సెట్టింగ్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్) నడిచే రౌటర్‌ని ఎయిర్‌ఫైబర్ బాక్స్ వెనక పెట్టి, ఎస్‌క్యూఎంలో ‘కేక్’ అనే పద్ధతి ఎంచుకోండి. రాత్రి రద్దీలో వచ్చే కనిష్ఠ వేగంలో 85 శాతాన్ని వేగ పరిమితిగా ఇవ్వండి: అప్‌లోడ్ 8 వస్తే 6.8. పగటి అంకె ఇస్తే రాత్రి పనిచేయదు, ఎందుకంటే క్యూ మళ్లీ మోడెమ్‌లోకే జారుకుంటుంది. వైర్‌లెస్‌లో చాలామంది తప్పేది ఇక్కడే. రౌటర్ కొనేలోపు కెమెరాల బిట్‌రేట్ 1 ఎంబీపీఎస్‌కి దించి, ఫొటో బ్యాకప్‌ని తెల్లవారుజాముకి మార్చండి.

ప్రశ్న అడిగినవారు:
ఎస్‌ఐఎన్‌ఆర్ 17 ఉందండి. అప్‌లోడ్ పెట్టగానే పింగ్ 600 దాటింది. ఎస్‌క్యూఎం పెడితే సింగపూర్ సర్వర్‌లో ఆడే గేమ్ పింగ్ కూడా తగ్గుతుందా?

జవాబు 3:
అయితే మీది క్యూ సమస్యే, యూనిట్‌ని కదపకండి. గేమ్‌లో ఉన్నట్టుండి ఎగబాకే పింగ్ ఆగుతుంది, కనీస పింగ్ మాత్రం తగ్గదు. సింగపూర్ మూడు వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి ఎంఎస్‌కి దాదాపు 200 కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి రానూపోనూ 30 ఎంఎస్ దూరానికే పోతుంది. గేమ్‌లో ముంబై సర్వర్ ఉంటే అదే ఎంచుకోండి.