బొమ్మ అమ్ముడుపోవాలంటే చిత్రకారుడే బొమ్మ కావాలా?

సత్యనారాయణపురం డ్రాయింగు మాస్టారు

ముప్పై ఏళ్లుగా విజయవాడలో పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. నా దగ్గర ఎనిమిదేళ్లు నేర్చుకున్న అబ్బాయి ఒకడు ఇప్పుడు పెళ్లి మండపాల్లో, అతిథులు చూస్తుండగా, వధూవరుల చిత్రం అక్కడికక్కడే వేస్తాడు. పక్కన ఫోను నిలబెట్టి తనను తానే వీడియో తీసుకుంటాడు. లక్షల మంది చూస్తారట. నీటిరంగుల్లో వాడిది చక్కని చేయి. ఏలూరు కాలువ గట్టున తెల్లవారుజామున కూర్చుని వేసినవి కొన్ని నా బీరువాలో ఇంకా ఉన్నాయి. అవి ఎందుకు మానేశావని అడిగితే, "మాస్టారూ, ఆ బొమ్మలను ఎవరూ చూడలేదు. ఇప్పుడు నన్ను చూస్తున్నారు, నన్ను చూసి బొమ్మ కొంటున్నారు" అన్నాడు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. మీరేమంటారు?

రంగుపెట్టె, గుంటూరు

మీ బాధ సరైనదే మాస్టారూ. 1962లో అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హాల్ లాస్ ఏంజెలెస్‌లో 32 సూపు డబ్బాల బొమ్మలు వరుసగా పెట్టినప్పుడు వాటిలో ఒక ప్రశ్న ఉంది. అంగడి సరుకు ఎక్కడ ఆగుతుంది, కళ ఎక్కడ మొదలవుతుంది? అదే మనిషి 1970లలో అడిగిన ధనికులకల్లా ఒకే మూసలో ముఖచిత్రాలు తీసి ఇచ్చారు. ప్రశ్న పోయి మూస మిగిలింది. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ చాక్లెట్ ప్రకటనలో నటించారు, మిఠాయి కంపెనీకి గుర్తు గీసి ఇచ్చారు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. చివరికి ఖాళీ కాగితాల మీద వేల కొద్దీ సంతకాలు పెట్టారు. బొమ్మ తరువాత ఎవరో అచ్చు వేసుకుంటారు! కలల్లాంటి వింతలను చూపే సర్రియలిస్టుల బృందంలో తోటివారైన ఆంద్రే బ్రెతాన్ ఆయన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి 'అవిదా డాలర్స్' అని పిలిచారు, డాలర్ల మీద ఆశ పట్టినవాడని.

మన దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో సంజీవదేవ్ గారు ఉండేవారు. కళ గురించి ఎన్నో వ్యాసాలు రాశారు, ఎందరితోనో ఉత్తరాలు నడిపారు, తానూ బొమ్మలు వేశారు. ఆ పల్లెలోనే ఉన్నారు. తెలుసుకోవాలనుకున్నవారే ఆయనను వెతుక్కుంటూ వెళ్లారు.

గాంధీనగర్ బ్యానర్ల ఇంటి అబ్బాయి

రంగుపెట్టె గారూ, అందరి గుమ్మానికీ వెతుక్కుంటూ ఎవరు వస్తారండీ?

మా నాన్నగారు గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేసేవారు. చేతిలో చిన్న ఫోటో, దాని మీద గళ్లు, ఎదురుగా ఇరవై అడుగుల గుడ్డ మీద మళ్లీ గళ్లు. హీరో కన్ను ఒక్కటే మా నాన్నగారి మొండెమంత ఉండేది. దగ్గర నుంచి చూస్తే నీలం, ఎరుపు మరకలు. రోడ్డు అవతలికి వెళ్లి చూస్తే ముఖం. ఆ దూరాన్ని మనసులో పెట్టుకుని నిచ్చెన మీద నిలబడి కుంచె కదపడం ఎంత విద్యో నేను కళ్లారా చూశాను. మూలలో కంపెనీ పేరు ఉండేది, ఆయన పేరు ఉండేది కాదు. సినిమా మారగానే ఆ గుడ్డ మీద సున్నం కొట్టి ఇంకొక ముఖం వేసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పనీ పోయింది. లారీల వెనుక అక్షరాలు రాస్తూ వెళ్లిపోయారు. ఆయన వేసిన వాటిలో ఒక్క బొమ్మ కూడా మా ఇంట్లో లేదు.

ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసినవారే. చెప్పులు లేని కాళ్లు, తెల్లని గడ్డం, పత్రికల్లో ఫోటోలు. తనను చూసేలా చేసుకున్నారు కాబట్టే ఆయన బొమ్మనూ చూశారు.

అమరావతి స్తూపానికి పూర్ణఘటం పలక ఇచ్చిన తోలుపనివాడు విధికుడి పేరు ఆ రాతి మీదే ఉంది. ఆ ఘటాన్నీ తామరలనూ చెక్కిన చేయి ఎవరిదో ఎవరికీ తెలియదు. మాస్టారి శిష్యుడు తన పేరు చెప్పుకుంటే నాకు సంతోషమే.

రంగుపెట్టె, గుంటూరు

మీ నాన్నగారి గురించి చదివి చాలాసేపు మరేమీ చేయలేకపోయాను. అయినా ఒక మాట. పేరు లేకపోయినా ఆ తామరలు నిలిచాయి. పెళ్లి మండపంలో మూడు గంటల్లో ముగించాల్సిన బొమ్మ, ప్రతి ముహూర్తానికీ అదే చిరునవ్వు వేయాల్సిన బొమ్మ, ఆ అబ్బాయి చేతిని ఏం చేస్తుంది? నా భయం డబ్బు గురించి కాదు, చేయి గురించి.

బ్రాడీపేట వకీలు

డబ్బు గురించి కూడా భయపడాలి, ఎందుకంటే పేరు చిత్రకారుడిది, లాభం మరొకరిది అవుతోంది. 1973లో న్యూయార్క్‌లో రాబర్ట్ స్కల్ అనే ఆయన తాను కొని దాచిన చిత్రాలను వేలం వేశారు. చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ వేసిన, 900 డాలర్లకు కొన్న చిత్రం 85,000 డాలర్లకు పోయింది. చిత్రకారుడికి ఒక్క డాలరు కూడా రాలేదు. వేలం అయ్యాక ఆయన కోపం పట్టలేక స్కల్‌ను తోశారు. హుస్సేన్ 1954లో వేసిన 'గ్రామయాత్ర'కు 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో సుమారు 118 కోట్ల రూపాయలు పలికింది. ఆయన పోయి అప్పటికి దాదాపు పద్నాలుగేళ్లు.

మన కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షను ఉంది. మూల చిత్రం మళ్లీ అమ్ముడై ధర పదివేల రూపాయలు దాటితే, చిత్రకారుడికి గానీ వారసులకు గానీ అందులో వాటా అడిగే హక్కు ఉంది. ఆ వాటా పది శాతానికి మించదు. నా దగ్గరకు వచ్చిన చిత్రకారుల్లో ఈ సంగతి తెలిసినవారు ఒక్కరూ లేరు. ఆ అబ్బాయి వీడియోలు తీసుకోనివ్వండి. అమ్మిన ప్రతి బొమ్మకూ కొన్నవారి పేరు, తేదీ, ధర రాసిన రసీదు మాత్రం దాచుకోమనండి.

సత్యనారాయణపురం డ్రాయింగు మాస్టారు

రసీదు సంగతి రేపే చెబుతాను. నేను వాడికి గళ్లు గీయడం నేర్పాను, రంగు కలపడం నేర్పాను. బొమ్మ ఎలా అమ్ముకోవాలో ఒక్కనాడూ చెప్పలేదు, నాకే తెలియదు. వాడు తనకు దొరికిన దారిలో వెళ్లాడు. రంగుపెట్టె గారు అన్న చేతి భయం మాత్రం నాకు తీరలేదు. ఆదివారం పొద్దున కాలువ గట్టుకు రమ్మని పిలుస్తాను, ఫోను లేకుండా.

గాంధీనగర్ బ్యానర్ల ఇంటి అబ్బాయి

మాస్టారూ, ఆ రోజు వేసిన బొమ్మ నేను కొంటాను. ధర వాడినే చెప్పమనండి. మూలలో సంతకం కనిపించేలా పెట్టమనండి.