కట్టు విప్పాక నాన్న కాలు సన్నబడిపోయింది, పోయిన కండ మళ్లీ వస్తుందా?

శ్రీలత_నంద్యాల:
అందరికీ నమస్తే. మా నాన్నకు 58 ఏళ్లు. స్కూటీ మీద నుంచి పడి మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి తొడ దగ్గర నుంచి పాదం దాకా సిమెంట్ కట్టు వేశారు, 7 వారాలు ఉంచారు. మొన్న సోమవారం విప్పారు. మిషన్‌తో కోసి ఆ డొప్పను రెండుగా విడదీయగానే లోపలి కాలు చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చర్మం పొలుసులు పొలుసులుగా లేస్తోంది, అది సరే, పోతుందని తెలుసు, కానీ తొడ సగమైపోయినట్టు ఉంది, పిక్క అయితే చేత్తో పట్టుకుంటే గోనెసంచిలో అడుగున మిగిలిన బియ్యంలా మెత్తగా జారిపోతోంది. ఎడమ కాలు ఒక మనిషిది, కుడి కాలు ఇంకో మనిషిది అన్నట్టుంది. డాక్టర్ దగ్గర ఆ రోజు జనం ఎక్కువ, "ఎముక అతుక్కుంది, మెల్లగా బరువు మోపుతూ నడిపించండి, ఎక్సర్‌సైజులు చేయించండి" అని పంపేశారు.

ఇంటికొస్తే మా పెద్దమ్మ చూసి "కండ చచ్చిపోయిందే, ఇంక రాదు, నూనె పెట్టి గట్టిగా పిసికితే కాస్తో కూస్తో" అంది. నాన్న అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు, దుప్పటి తీసి కాలు చూపించడానికి కూడా ఇష్టపడటం లేదు.

7 వారాల్లో అంత కండ ఎక్కడికి పోయింది? నిజంగా చచ్చిపోయిందా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి, నాన్నకు చదివి వినిపిస్తాను.

ఫిజియో_ఖమ్మం:
శ్రీలత గారూ, ముందు ఒక్క మాట, నూనె పెట్టి గట్టిగా పిసకడం వద్దు. ఇన్ని వారాలు కదలకుండా ఉన్న కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది. పిక్క ఒక్కసారిగా వాచినా, ఎర్రబడి వేడిగా అనిపించినా, ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా ఇంకేం ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోతే నిశ్చింతగా కింది సంగతి చదవండి.

కండ చచ్చిపోలేదు. నేను 14 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా, కట్టు విప్పిన ప్రతి కాలూ ఇలాగే ఉంటుంది. కండరంలో ఉండే పోగులు, వాటినే కండర తంతువులు అంటాం, ఎన్ని ఉన్నాయో దాదాపు అన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కో పోగు సన్నబడింది, అంతే. మన కండరంలో ప్రొటీన్ రోజూ కొంత విరుగుతూ ఉంటుంది, కొంత కొత్తగా తయారవుతూ ఉంటుంది. పని చేస్తున్నంత కాలం ఈ రెండూ సరిసమానంగా నడుస్తాయి. పని ఆగిపోతే కొత్తది తయారవడం తగ్గిపోతుంది, విరగడం మాత్రం ఆగదు. మనల్ని నిలబెట్టే కండరాలు, అంటే తొడ ముందు భాగం, పిక్క, ముందుగా తగ్గేది ఇవే, ఎందుకంటే మామూలు రోజుల్లో బరువు మోసేవి అవే. అంతరిక్షంలో ఉండే వ్యోమగాములు రోజుకు దాదాపు రెండు గంటలు ఎక్సర్‌సైజు చేసేది ఇందుకే, అక్కడ కాళ్లకు మోయడానికి బరువే ఉండదు.

నరం దెబ్బతింటే కథ వేరు. పోలియోలో అలాగే జరుగుతుంది, ఆజ్ఞ అందని కండరం మొదట సన్నబడి, చాలాకాలం గడిస్తే దాని చోట కొవ్వూ పీచూ చేరతాయి. నాన్నగారిని కాలి వేళ్లు, పాదం పైకీ కిందకీ ఆడించమనండి. ఆడితే సగం దిగులు తీరినట్టే. ఆడకపోతే మాత్రం డాక్టర్‌కు చెప్పాలి.

మొదలుపెట్టడానికి ఒకటి చెప్తా, మీ డాక్టర్‌ని అడిగి చేయించండి. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, ఆ తువ్వాలును మోకాలితో కిందకు నొక్కమనండి. 5 లెక్కపెట్టేదాకా నొక్కి పట్టి వదలాలి, 10 సార్లు, రోజుకు నాలుగైదు విడతలు. అప్పుడు మోకాలి చిప్ప పైన మీ చెయ్యి పెట్టి చూడండి, కండ గట్టిపడటం మీ వేళ్లకు తెలుస్తుంది. నాన్నగారి చెయ్యి కూడా అక్కడ పెట్టించండి. ఎన్ని మాటలు చెప్పినా రాని ధైర్యం దాంతో వస్తుంది, నా దగ్గరకు వచ్చేవాళ్లందరి చేతా ముందు చేయించేది ఇదే.

మొదటి రెండు మూడు వారాల్లో బలం పెరుగుతుంది కానీ లావు పెద్దగా కనపడదు. మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ ఎక్కువ పోగులను ఒకేసారి లేపడం మళ్లీ నేర్చుకుంటుంది, ఆ బలం దానిది. లావు తర్వాత వస్తుంది, నెలలు పడుతుంది. టేపుతో రోజూ కొలిచి నిరాశపడొద్దు, 15 రోజులకోసారి చాలు.

జంతుశాస్త్రం_మాస్టారు:
ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను, కండరం ఎలా ఉంటుందో అడిగారు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా.

మీరు మాంసం తినేవాళ్లయితే ఈసారి ఉడికిన కోడి ఛాతీ ముక్కను చేత్తో చీల్చి చూడండి. దారాలు దారాలుగా ఒకే దిక్కుకు ఊడి వస్తుంది. ఆ ఒక్కో దారం కొన్ని పోగుల కట్ట. ఒక్క పోగు మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి పదో వంతు దాకా ఉంటుంది, పొడవు మాత్రం సెంటీమీటర్ల లెక్కలో. ఒక్కో పోగూ ఒక్క కణమే, కానీ అందులో వందల కేంద్రకాలు ఉంటాయి. ఆ పోగు లోపల మళ్లీ ఇంకా సన్నటి పోగులు, వాటి పొడవునా సార్కోమియర్లు అనే చిన్న చిన్న గదులు వరసగా ఉంటాయి, ఒక్క మిల్లీమీటరు పొడవులో సుమారు 400. మైక్రోస్కోపులో చారలు కనపడేది వాటివల్లే, రేఖిత కండరం అన్న పేరూ అందుకే.

ప్రతి గదిలో రెండు రకాల ప్రొటీన్ తీగలు, లావుది మయోసిన్, సన్నది ఆక్టిన్. బావిలోంచి చేద లాగేటప్పుడు ఒక చేత్తో తాడు పట్టి లాగి, అది వదిలి మళ్లీ కొంచెం ముందు పట్టుకుంటాం కదా, మయోసిన్‌కు ఉండే బుడిపెలు ఆక్టిన్‌ను అచ్చంగా అలా లాగుతాయి. తీగల పొడవు తగ్గదు, ఒకదాని పక్కగా ఇంకోటి జారుతుంది, గది పొట్టిదవుతుంది, అలా లక్షల గదులు ఒకేసారి పొట్టివైతే కాలు లేస్తుంది. ఈ సంగతి 1954లో రెండు జట్లు విడివిడిగా కనిపెట్టి ఒకే పత్రికలో, ఒకే సంచికలో పక్కపక్కన ప్రచురించాయి. విచిత్రం ఏమిటంటే రెండు జట్లలోనూ హక్స్‌లీ అనే ఇంటిపేరు మనిషి ఉన్నాడు, వాళ్లిద్దరికీ చుట్టరికం లేదు. నరం నుంచి ఆజ్ఞ రాగానే పోగు లోపల దాచిన కాల్షియం బయటపడి ఆక్టిన్ మీది మూత జరుపుతుంది, అప్పుడే బుడిపెకు పట్టు దొరుకుతుంది. పట్టు వదలడానికి ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే పదార్థం, కావాలి. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారేది ఏటీపీ అయిపోయి ఆ బుడిపెలు వదల్లేకపోవడం వల్లే.

ఇక్కడ మన మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుక్కున్నారు, 1929లో ఏటీపీని వేరుచేశారు (అదే ఏడు జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుక్కున్నాడు). అప్పటిదాకా కండరం ముడుచుకోవడానికి మూలం లాక్టిక్ ఆమ్లమే అనుకునేవారు. పాఠంలో ఈ చోటుకు రాగానే నేను పుస్తకం మూసి ఆయన గురించి చెప్తాను.

మీ నాన్నగారికి దీనితో పని ఉంది. కుర్చీలోంచి లేచే ఆ రెండు సెకన్ల బలానికి ఏటీపీని అప్పటికప్పుడు నింపేది ఆ ఫాస్ఫోక్రియాటినే. గట్టిగా శ్రమపడితే 10 సెకన్ల లోపే చాలావరకు ఖర్చవుతుంది, మళ్లీ నిండటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అందుకని ఎక్సర్‌సైజు ఒక విడత అయ్యాక ఆగనివ్వండి. ఆయన ఆయాసపడి ఆగితే "ఇంతేనా" అనొద్దు, అది నిండే టైం.

ఇంకోటి, పోగుల అంచున నిద్రపోతున్నట్టు ఉండే కణాలు ఉంటాయి, శాటిలైట్ కణాలు అంటారు, 1961లో బయటపడ్డాయి. పోగుకు దెబ్బ తగిలితే అవి లేచి విభజన చెంది బాగుచేస్తాయి. మీ పెద్దమ్మగారికి ఇది చెప్పండి.

వీరయ్య_షార్జా:
చెల్లెమ్మా, నాదీ ఇదే అనుభవం. ఇక్కడ సైట్‌లో పడి మడమ విరిగింది, కట్టు విప్పాక పిక్క పుల్లలా అయిపోయింది. రూమ్‌లో ఒక్కణ్నే, మెట్లు దిగాలంటే కూర్చుని జరుగుతూ దిగేవాణ్ని. నాలుగు నెలలకు డ్యూటీకి వెళ్లా. ఏడాదికి పిక్కలు రెండూ ఒకేలా అయ్యాయి, దగ్గరగా చూస్తే ఇప్పటికీ కాస్త తేడా ఉంది, బలంలో మాత్రం లేదు. తిండి మాటేంటి? నాన్న అన్నం పచ్చడితో సరిపెట్టుకుంటే కండ రాదు. పప్పు గట్టిగా పెట్టండి, గుడ్డు తింటే గుడ్డు.

ఫిజియో_ఖమ్మం:
వీరయ్య గారు మంచి మాట అన్నారు. ఆ వయసులో కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము ప్రొటీన్ కన్నా తగ్గకూడదు, 65 కిలోల మనిషికి 65 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే, 100 గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22. ఒకపూటే కుక్కకుండా మూడు పూటలా సర్దండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పెంచొద్దు.

శ్రీలత_నంద్యాల:
అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. వేళ్లు ఆడుతున్నాయి! మాస్టారు గారూ, మీరు రాసింది చదువుతుంటే నాన్న సుబ్బారావు గారి దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నాడు. ఆయన ఒక ప్రశ్న అడిగాడు, గుండె కూడా కండరమే కదా, 7 వారాలు మంచంలో ఉన్నాను, అది కూడా తగ్గి ఉంటుందా అని.

జంతుశాస్త్రం_మాస్టారు:
చాలా మంచి ప్రశ్న అడిగారని చెప్పండి. గుండె కండరానికీ చారలు ఉంటాయి, కానీ మన ఆజ్ఞతో పనిలేదు. దాని కణాలు కొమ్మలు కొమ్మలుగా ఉండి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఒకచోట పుట్టిన సంకేతం గుండె అంతా పాకి అన్నీ కలిసి ముడుచుకుంటాయి. రోజుకు దాదాపు లక్షసార్లు. పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయదు, ఒకసారి ముడుచుకున్నాక సడలేదాకా ఇంకో సంకేతాన్ని లెక్కచేయదు. పేగుల్లో, రక్తనాళాల గోడల్లో ఉండేది మూడో రకం, చారలు లేని నునుపు కండరం, మెల్లగా ముడుచుకుంటుంది, త్వరగా అలిసిపోదు.

మంచంలో ఉంటే గుండె సామర్థ్యం తగ్గే మాట నిజమే. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో 20 ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి చూశారు, వాళ్ల శ్రమ తట్టుకునే శక్తి బాగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షిస్తే, అన్నేళ్ల వయసు తగ్గించిన దానికన్నా ఆ మూడు వారాల మంచమే ఎక్కువ తగ్గించిందని తేలింది. మంచం దిగి రెండు నెలలు శిక్షణ తీసుకుంటే ఆ శక్తి తిరిగి వచ్చింది కూడా. అందుకని నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టండి, డాక్టర్ ఒప్పుకున్నంత బరువుతో వాకర్ పట్టుకుని వరండా దాకా నడిపించండి.

శ్రీలత_నంద్యాల:
మూడు వారాలైంది, ఎలా ఉందో చెప్దామని వచ్చా. మోకాలి చిప్పకు జానెడు పైన కొలిచాం, మొదట రెండు కాళ్లకూ తేడా 5 సెంటీమీటర్లు ఉండేది, ఇప్పుడు నాలుగున్నర. కానీ నిన్న తువ్వాలు నొక్కుతూ నన్ను పిలిచి "ఇక్కడ చెయ్యి పెట్టు" అన్నాడు. పెట్టాను, గట్టిగా ఉంది. పెద్దమ్మను కూడా పిలిచి పెట్టించాడు. సాయంత్రం వాకర్‌తో గేటు దాకా వెళ్లి పాలబ్బాయితో మాట్లాడి వచ్చాడు.