పగడపు దిబ్బలపై నక్షత్ర చేపల లెక్క: కంటికి చిక్కనివాటి సంగతేమిటి?

ప్రశ్న (విద్యార్థిని, శ్రీకాకుళం):
నమస్కారం. నేను జంతుశాస్త్రంలో పీజీ చదువుతున్నాను. పగడాలను తినే క్రౌన్-ఆఫ్-థార్న్స్ నక్షత్ర చేపల లెక్కింపుపై సెమినార్ ఇవ్వాలి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో పరిశీలకుణ్ణి పడవ వెనుక తాడుతో లాగుతూ, రెండేసి నిమిషాలకొకసారి ఆగి నమోదు చేసుకునే మాంటా టో పద్ధతి ఉంది. పగడాల సందుల్లో నక్కే జీవిని అలా పైనుంచి చూసి లెక్కిస్తే, ఆ సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు (అధ్యాపకుడు, విజయనగరం):
దానిని మొత్తం సంఖ్యగా కాక, హెచ్చుతగ్గులు తెలిపే సూచికగా తీసుకోవాలమ్మా. పిల్ల నక్షత్ర చేపలు మొదటి నెలల్లో పగడాన్ని ముట్టకుండా, రాళ్లకు పొరలా అంటుకుని ఉండే ఎర్రటి సున్నపు నాచును తింటూ, విరిగిన పగడపు ముక్కల కింద ఉంటాయి కనుక పైనుంచి చూసేవారికి దాదాపుగా దొరకవు. అందువల్ల లెక్క తగ్గడమే కాదు, ఉన్నవన్నీ పెద్దవేనన్న భ్రమ కలిగి, వాటి సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోయే ఉద్ధృతి రాబోతున్నదని ఆలస్యంగా తెలుస్తుంది. నా దృష్టిలో ఇదే పెద్ద ప్రమాదం. మేసిన చోట మిగిలే తెల్లటి మచ్చలను కూడా రాసుకునేది ఈ లోటు కొంతైనా పూడ్చడానికే. అయితే డ్రూపెల్లా నత్తలు తిన్నా, వ్యాధి సోకినా, నీరు వేడెక్కినా పగడం తెల్లబడుతుంది. విశాలమైన దిబ్బను త్వరగా చుట్టి రావడానికి మాత్రం ఈ పద్ధతి చాలా ఉపయోగం.

జవాబు (డైవర్, శ్రీకాకుళం):
దిబ్బ మీద కొలత టేపు పరిచి, దాని వెంట ఇద్దరు డైవర్లు విడివిడిగా లెక్కిస్తే, కనిపించనివాటిని కొంతవరకు అంచనా కట్టవచ్చు. ఉదాహరణకు మొదటివారికి 12, రెండోవారికి 10 కనిపించి, వాటిలో 8 ఇద్దరికీ కనిపించినవే అయితే, 12ను 10తో గుణించి 8తో భాగిస్తే 15 వస్తుంది, అదే మొత్తం సంఖ్యకు అంచనా. కానీ రాళ్ల అడుగున ఉన్నవి ఇద్దరికీ కనిపించవు కాబట్టి ఈ అంచనా కూడా తక్కువగానే ఉంటుంది. వానల తరువాత వంశధార, నాగావళి నీరు కలిసే మన తీరంలో ఏ జీవిని లెక్కించినా, నీటిలో ఎంత దూరం కనిపిస్తున్నదో ప్రతిసారీ కొలిచి రాయాలి. లేకుంటే రెండు నెలల లెక్కలను పోల్చడానికే వీలుండదు.

విద్యార్థిని:
ఇద్దరూ చూసినది ఒకే జీవి అని ఎలా నిర్ధారిస్తారండీ?

డైవర్:
టేపు మీద అది ఎన్నో మీటరు దగ్గర, ఏ పక్కన ఉన్నదో, దాని ఒంటి వెడల్పు ఎంతో ఎవరికి వారు పలక మీద రాసుకుని, పైకి వచ్చాక సరిపోల్చాలి. అవి కదిలిపోతాయి కనుక రెండు లెక్కలూ ఒకే డైవ్‌లో ముగియాలి. గుర్తుగా జెండా పెడితే రెండోవారి చూపు అక్కడికే పోతుంది కాబట్టి, ఆ పని చేయకండి.