రిటైరైన నర్సుల సంఘం: నర్సులకేనా, ఆసుపత్రిలో పనిచేసిన అందరికీనా?

విజయనగరం సిస్టర్:
మన జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసి రిటైరైన నర్సులం కలిసి సంఘం పెట్టుకుంటున్నాం. 2001 సొసైటీల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌కి ఏడుగురుంటే చాలు, ఏడుగురం కుదిరాం. బైలాస్, అంటే సంఘం నియమాలు, రాస్తుంటే సభ్యత్వం దగ్గర పేచీ వచ్చింది. నర్సులకే ఇవ్వాలా? ల్యాబ్ వాళ్లకి, ఫార్మసిస్టులకి, ఆఫీసు సిబ్బందికి, వార్డు బాయ్‌లని పిలిచే ఎంఎన్‌ఓలకి, ఆయాలని పిలిచే ఎఫ్‌ఎన్‌ఓలకి కూడా ఇవ్వాలా? ఇవ్వాలనే నా మాట. మీరేమంటారు?

దాసన్నపేట హెడ్‌నర్సు:
నాకు ఇష్టం లేదమ్మా. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఉమ్మడి సంఘంలో చందా మనది, కుర్చీ వాళ్లది. ఆడవాళ్లం ఎంతమందిమి ఉన్నా ప్రెసిడెంటు, సెక్రటరీ మగవాళ్లే. మన నైట్ డ్యూటీల సంగతి ఎత్తితే "తర్వాత చూద్దాం" అనేవారు. ఇప్పుడు కూడా తలుపులు బార్లా తెరిస్తే మళ్లీ అదే కథ. నిలబడి నిలబడి కాళ్ల నరాలు ఉబ్బిపోయిన వాళ్లున్నారు, పెళ్లి చేసుకోకుండా తోబుట్టువుల్ని చదివించి ఇప్పుడు ఒంటరిగా ఉన్నవాళ్లున్నారు. వాళ్ల గురించి ఆఫీసు గుమాస్తా మాట్లాడతాడా?

కంటోన్మెంట్ పెన్షనర్:
సంఘం పేరులో శాఖ పేరు పెట్టకండి. మనలో కొందరు ప్రజారోగ్య శాఖ, కొందరు వైద్య విధాన పరిషత్. 2023లో మెడికల్ కాలేజీ వచ్చాక పెద్దాసుపత్రి డీఎంఈ (వైద్య విద్య శాఖ) కిందకి వెళ్లింది. ఇంకో సంగతి, పార్వతీపురం, సాలూరు 2022లో మన్యం జిల్లాలో కలిశాయి. అక్కడ రిటైరైన వాళ్లని వదిలేస్తారా?

విజయనగరం సిస్టర్:
అక్కా, కుర్చీ సంగతి నేనూ కళ్లారా చూసినదాన్నే. అధ్యక్ష, కార్యదర్శి పదవులు నర్సులకే అని బైలాస్‌లో రాసేద్దాం. కానీ రాత్రి రెండింటికి కాన్పు కేసొస్తే స్ట్రెచర్ రెండో కొస పట్టుకున్నది ఎవరు? ఆమెని గుమ్మం బయట నిలబెట్టి మనం లోపల మీటింగ్ పెట్టుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

మా వార్డులో చేసిన ఒక ఎఫ్‌ఎన్‌ఓ మొన్న జనవరిలో లైఫ్ సర్టిఫికెట్ (పెన్షనర్ బతికే ఉన్నట్టు ఏటా ఇచ్చే రుజువు) కోసం వెళ్లింది. మిషన్ మీద ఆమె వేలు పడలేదు. సర్వీసంతా బ్లీచింగ్, ఫినాయిల్ నీళ్లలో చేతులు పెట్టి గీతలు అరిగిపోయాయి. అక్కడి కుర్రాడు వేళ్లన్నీ తుడిపించి ఒక్కోటీ పెట్టించి చూసి, "మళ్లీ రామ్మా" అని పంపేశాడు. ఫిబ్రవరి దాటితే పెన్షన్ ఆగిపోతుందని ఆమెకి ఒకటే టెన్షన్. ఫోన్‌లో ముఖం చూపించినా సరిపోతుందని, ఆ సదుపాయం 2021 నుంచే ఉందని ఆమెకి చెప్పిన నాథుడు లేడు. మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, ఫోన్ ఎదురుగా పట్టి, కళ్లు ఆర్పమన్నాను. పని అయిపోయింది.

మనకి ఈ కాగితాలు చదవడం వచ్చు, అడగడం వచ్చు. సర్వీసు రిజిస్టర్లో భర్త పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే రేపు ఫ్యామిలీ పెన్షన్‌కి ఎంత తిరగాలో మనకి తెలుసు. వాళ్లకి తెలిసేసరికి మనిషి పోయి ఉంటారు. సంఘం అవసరం మనకన్నా వాళ్లకే ఎక్కువ.

కాంట్రాక్ట్ నర్సు, బొబ్బిలి:
మేడమ్, నాదో సందేహం. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరిన రెగ్యులర్ వాళ్లకి సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకం. మాలాంటి వాళ్లకి అదీ లేదు. పీఎఫ్ కట్టినవాళ్లకి కనీస పెన్షన్ వెయ్యి రూపాయలు. రిటైర్మెంట్ ఆర్డరే లేకుండా ఇంటికి వెళ్లిపోయేవాళ్లం. మీ సంఘంలో మాకు చోటుందా?

దాసన్నపేట హెడ్‌నర్సు:
ఈ అమ్మాయిని కాదనలేను. వార్డుల్లో చేసిన వాళ్లని రానివ్వండి, ఒప్పుకుంటాను. పదవుల మాట మాత్రం రిజిస్ట్రేషన్‌కి ముందే రాయండి. తర్వాత మార్చడమంటే తీర్మానాలు, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరుగుళ్లు. ఆఫీసు సిబ్బంది విషయంలో నా మాట మారలేదు.

విజయనగరం సిస్టర్:
అయితే ఇలా రాస్తున్నాను: "2022కు ముందున్న విజయనగరం జిల్లాలోని ప్రభుత్వాసుపత్రుల వార్డులు, ల్యాబ్‌లు, మందుల కౌంటర్లలో రెగ్యులర్‌గా గానీ, కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ పద్ధతుల్లో గానీ పనిచేసి విరమించినవారు సభ్యులు కావచ్చు. అధ్యక్ష, కార్యదర్శి పదవులకు నర్సులు మాత్రమే పోటీ చేయాలి." ఆఫీసు సిబ్బంది సంగతి మొదటి సర్వసభ్య సమావేశంలో ఓటుకి పెడదాం. అక్కా, ఆ రోజు మీ వాదన మీరే లేచి చెప్పాలి, నా వాదన నేను చెప్తాను.