అప్‌డేట్: ప్లాస్టిక్ చేతిపంపులో పిస్టన్ బిగుసుకుపోవడానికి కారణం తెలిసింది

లోపలి వ్యాసం 50 మి.మీ. ఉన్న పీవీసీ గొట్టంలో, 0.2 మి.మీ. ఖాళీతో తయారు చేయించిన నైలాన్ పిస్టన్ పొడిగా ఉన్నప్పుడు తేలికగా కదిలి, నీటిలో కొన్నాళ్లకే బిగుసుకుపోతోందని ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

లేత్ పనివారు కొలిచి చూడగా, నైలాన్ నీటిని పీల్చుకుని ఆ ఖాళీని మించి ఉబ్బినట్లు, గొట్టం కూడా కచ్చితమైన గుండ్రంగా లేనట్లు తేలింది. ఇలాంటి గొట్టంలో ఖాళీని తగ్గించి నీటిని ఆపాలని చూడటం కంటే, ఆ పనిని వాషర్‌కే (పిస్టన్‌కు బిగించే, గొట్టం గోడకు ఆనుకునే రబ్బరు బిళ్లకే) అప్పగించాలన్న సలహాయే ఫలించింది. నీటిని దాదాపుగా పీల్చని హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో, గొట్టం కంటే 1 మి.మీ. తక్కువ వ్యాసంతో పిస్టన్ చేయించి, దానికి నైట్రైల్ రబ్బరుతో చేసిన కప్పు ఆకారపు వాషర్ బిగించాము. వాషర్ అంచు తప్పనిసరిగా పైకి ఉండాలి. పిస్టన్ లేచేటప్పుడు పైనున్న నీటి బరువే ఆ అంచును గొట్టం గోడకు అదిమి పెడుతుంది.

ఎండకు గొట్టం వ్యాకోచించడం ఇక్కడ కారణం కాదు: 20 డిగ్రీల తేడాకు ఆ వ్యాసంలో వచ్చే మార్పు 0.1 మి.మీ. కూడా ఉండదు. అడుగు వాల్వు (పైకి వచ్చిన నీరు తిరిగి కిందికి జారకుండా అడుగున ఆపే కవాటం) మార్చవలసిన అవసరమూ రాలేదు.