కడెవర్ కిడ్నీ (బ్రెయిన్ డెడ్ అయినవాళ్లది) వెంటనే పనిచేయకపోతే అది ఎక్కువ కాలం ఉండదా? లిస్టులోంచి పేరు తీయించమంటున్నారు

వంశధార (గుణుపురం):
అందరికీ నమస్కారం. మా బావగారు డయాలసిస్ మీద ఉన్నారు. 2023లో కేంద్రం నివాస ధ్రువపత్రం అక్కర్లేదన్నాక, ఒడిశా వాళ్లమైనా విశాఖలో జీవన్‌దాన్ లిస్టులో (చనిపోయినవాళ్ల అవయవాల కోసం ఎదురుచూసేవాళ్ల లిస్టు) పేరు పెట్టించాం. ఈమధ్య అదే ఆస్పత్రిలో ఒకాయనకు బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కిడ్నీ పెట్టారు. రెండు వారాలు మూత్రం సరిగా రాలేదట, మళ్లీ డయాలసిస్సే. అది విన్నప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. పేరు తీయించేసి ఇంట్లోవాళ్ల కిడ్నీయే పెట్టిద్దామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

నాగావళి (రాయగడ):
తీయించేయండి. మా నాన్నగారికి జరిగిందే చెప్తున్నా. కడెవర్ కిడ్నీ పెట్టారు, ఆలస్యంగా మొదలైంది, రెండో ఏడాది తిరక్కుండానే పోయింది. ఆలస్యం అయితే ఆ తర్వాత ఏమవుతుందో ఆస్పత్రిలో ఒక్కరూ చెప్పలేదు. నేనే వెతుక్కుని చదివాను. ఎన్నో అధ్యయనాలు కలిపి 2009లో లెక్క కట్టారు. ఇలా ఆలస్యమైన కిడ్నీ పోయే ముప్పు 41 శాతం ఎక్కువ. ఇంకేం కావాలి?

బరంపురం సిస్టర్:
నేను డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తాను. ఆ 41 శాతాన్ని సరిగ్గా చదవాలండీ. నూటికి 41 కిడ్నీలు పోతాయని కాదు. మామూలుగా నూటికి పది పోతాయనుకుంటే, ఆలస్యమైన వాటిలో పద్నాలుగు పోతాయి. ముప్పు ఉంది, కాదనను. కానీ మిగతా ఎనభై ఆరు పనిచేస్తున్నట్టే కదా.
ఆలస్యం ఎందుకంటే, తీసిన కిడ్నీకి రక్తం ఆగి, ఐస్‌లో ఉండి, మళ్లీ ఒక్కసారిగా రక్తం అందినప్పుడు లోపలి సన్న గొట్టాల కణాలు దెబ్బతింటాయి. అవి మళ్లీ పుట్టుకొస్తాయి. అందుకే యూరిన్ బ్యాగ్‌లో గంటకు ఎన్ని ఎంఎల్ పడిందో రాస్తూ కూర్చుంటాం. ఐదు, ఐదు, పది... ఒక రోజు ఉన్నట్టుండి యాభై పడుతుంది.

కొండగాలి:
మా తమ్ముడికీ అలాగే పది రోజులు ఆలస్యమైంది. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు.

నాగావళి:
ఒక్కరు బాగుంటే అందరూ బాగున్నట్టా? సిస్టర్, దీనికి జవాబు చెప్పండి. పొటాషియం పెరిగిందని ఒక్కసారి డయాలసిస్ చేసినవాడినీ, నెల రోజులు చేసినవాడినీ ఒకే లెక్కలో వేస్తారా లేదా?

బరంపురం సిస్టర్:
వేస్తారు. మొదటి వారంలో ఒక్కసారి డయాలసిస్ చేసినా ‘ఆలస్యం’ కిందే రాస్తారు.

నాగావళి:
అదీ! తేలిక కేసులు కూడా కలిపితేనే 41 వచ్చింది. నెల రోజులు పట్టినవాళ్ల సంగతేంటి?

బరంపురం సిస్టర్:
ఎక్కువ రోజులు పట్టినకొద్దీ ముప్పు ఎక్కువే. రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టడం, కూడా ఎక్కువ. డయాలసిస్ చేస్తుంటే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) చూసి లోపల రిజెక్షన్ ఉందో లేదో చెప్పలేం. అందుకే వారం పది రోజులకోసారి బయాప్సీ (కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష) చేస్తారు. మీ నాన్నగారికి చేశారా?

నాగావళి:
చేయలేదు. అడగాలని మాకేం తెలుసు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఇందాకటి నుంచి శాతాలు చదువుతున్నాను. వంశధార తమ్ముడూ, "ఇంట్లోవాళ్ల కిడ్నీ" అన్నావు. ఎవరిది?

వంశధార:
అక్క ఇస్తానంటోందండీ.

మహేంద్రతనయ:
తనే అందా, అందరూ కలిసి అనిపించారా?

నాగావళి:
భార్య భర్తకు ఇస్తే తప్పేంటి? లైవ్ డోనర్ కిడ్నీ ఎక్కువ కాలం ఉంటుందని సైన్సే చెప్తోంది. ఇక్కడ ఆడవాళ్ల సమస్య ఎందుకు తెస్తారు?

మహేంద్రతనయ:
ఎందుకంటే నేను ఇచ్చాను కాబట్టి. సంతకం పెట్టేముందు డాక్టరుగారు నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడగాలి. అడిగారు, తలుపు తీసే ఉంది, గుమ్మంలో మా అత్తగారూ ఆడపడుచూ నిలబడ్డారు. అప్పుడేం చెప్తాను? మా ఆయన బాగున్నారు, నాకు సంతోషమే. కానీ ఆయన అన్నదమ్ములను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. కడెవర్ కిడ్నీ వద్దు అని మీరు తేలిగ్గా అనేస్తున్నారే, ఆ మాట అన్న ప్రతిసారీ ఎవరో ఒక ఆడది ఆపరేషన్ బల్ల ఎక్కాలి.

నాగావళి:
నాకు నేర్పకండి. మా నాన్నకు నేను ఇస్తానన్నాను. గ్రూపు కూడా కలిసింది. పెళ్లి కావలసిన మగపిల్లాడివి, నువ్వొద్దు అని అమ్మా నాన్నా ఇద్దరూ ఒప్పుకోలేదు. అమ్మకు షుగరు, కుదరదన్నారు. అందుకే లిస్టులో వచ్చింది పెట్టించాం. నాది పెట్టి ఉంటే నాన్న ఇవాళ ఉండేవాడు.

మహేంద్రతనయ:
నాన్నగారి సంగతి విని బాధగా ఉంది బాబూ. నువ్వు ఇస్తానన్నా నిన్ను ఆపినవాళ్లున్నారు. నన్ను ఆపినవాళ్లు లేరు. నేనన్నది అదే.

బరంపురం సిస్టర్:
వంశధార గారూ, పేరు తీయించకండి. లైవ్ డోనర్ టెస్టులు చేయించుకుంటూనే లిస్టులో ఉండొచ్చు. ఆలస్యంగా పనిచేసిన కిడ్నీతో బతకడం కూడా ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉండిపోవడం కన్నా మేలే. బావగారికి అన్నదమ్ములున్నారా?

వంశధార:
ఇద్దరున్నారు. బ్లడ్ గ్రూప్ కూడా చూపించుకోలేదు. నేనిస్తానంటే, చట్టంలో బావమరిది దగ్గర బంధువు కాదు, అనుమతి కోసం ఆథరైజేషన్ కమిటీకి వెళ్లాలన్నారు.

మహేంద్రతనయ:
కమిటీ తర్వాత. ముందు ఆ ఇద్దరినీ ల్యాబుకు పంపమను. అక్కతో మాట్లాడేటప్పుడు అత్తవారింట్లో కాదు, మీ ఇంటికి పిలిచి అడుగు.

వంశధార:
ఆదివారం అక్క మా ఇంటికి వస్తోంది. పేరు తీయించడం లేదు.

నాగావళి:
లిస్టు గురించి నా మాట మారదు. కానీ అన్నదమ్ముల దగ్గరికి నువ్వొక్కడివే వెళ్లకు, ఊళ్లో పెద్దమనిషి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లు.

బరంపురం సిస్టర్:
ఇంకొకటి. పిలుపు అర్ధరాత్రి కూడా రావొచ్చు. గుణుపురం నుంచి విశాఖ దూరం, బండి ముందే మాట్లాడి పెట్టుకోండి. మనం దారిలో ఉన్నంతసేపూ కిడ్నీ ఐస్‌లోనే ఉంటుంది.