లైట్‌హౌస్‌ను తెలుగులో ఏమనాలి? 'దీపస్తంభం' మీద ఒక చర్చ

తీరవాసి:
పెద్దలందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పిల్లలను తీసుకుని ఒక లైట్‌హౌస్ చూడటానికి వెళ్లాను. ఊరి పేరు చెప్పను. గేటు పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ద్వీపస్థంభము' అని ఉంది. ఒక్క మాటలో రెండు తప్పులు: దకారానికి లేని వకారం తగిలించారు, తకారం ఉండాల్సిన చోట థకారం పెట్టారు. ఫొటో తీసి ఇక్కడ పెడదామని ఉత్సాహపడుతుంటే మా తొమ్మిదేళ్ల అమ్మాయి అడిగింది: "నాన్నా, మన గుళ్లో రాతిది కూడా దీపస్తంభమే కదా, అది కూడా ఓడలకు దారి చూపిస్తుందా?" నాకు జవాబు తోచలేదు.

మా కాకినాడలో పాతతరం వాళ్లు 'లైటవుసు' అనేవారు. దీపస్తంభం అనే మాట నేను పుస్తకంలోనే చదివాను తప్ప రేవులో ఎవరి నోటా వినలేదు. ఇది మన పాత మాటేనా, లేక ఇంగ్లీషు మాట కొలతలకు కుట్టిన చొక్కానా?

విశ్రాంత పంతులు:
ముందు ఒత్తు సంగతి తేల్చుకుందాం, లేకపోతే నాకు నిద్ర పట్టదు. అది స్తంభం. బిగుసుకుపోవడం, కదలకుండా ఆగిపోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. 'రాకపోకలు స్తంభించాయి' అని రాసేటప్పుడు థ ఒత్తు పెట్టేవాళ్లు అరుదు. అదే మనిషి కరెంటు స్తంభం దగ్గరికి వచ్చేసరికి థ పెడతాడు. స్థలం, స్థానం, స్థిరం ఇరుగుపొరుగున ఉన్నాయి కాబట్టి, ఇదీ నిలబడే వస్తువే కాబట్టి, చెయ్యి అటు జారుతుంది. దీని తద్భవం కంబం. గరుడకంబం అన్నవాడికి ఈ బాధే లేదు.

ఇక 'ద్వీప' సంగతి. అది తప్పే, కానీ ముచ్చటైన తప్పు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవు ముందు ఓడల కోసం దీపం వెలిగే ఒక మహాకట్టడం లేచింది. అది ఉన్న చిన్న ద్వీపం పేరు ఫారోస్. కాలక్రమంలో ఆ పేరే కట్టడానికి, తర్వాత అలాంటి కట్టడాలన్నిటికీ పాకింది. ఫ్రెంచివారు ఫార్ అన్నా, ఇటలీ, స్పెయిన్ వాళ్లు ఫారో అన్నా, పోర్చుగీసువారు ఫరోల్ అన్నా పలుకుతున్నది ఒక ద్వీపం పేరే. మీ బోర్డు రాసినాయన తెలియకుండానే వాళ్ల పంక్తిలో కూర్చున్నాడు.

అమ్మాయి ప్రశ్నకు జవాబు: గుడి దీపస్తంభం ముందు పుట్టింది. రేవులో దీపం వెలిగాక పేరు వెతుక్కున్నవాళ్లకు ఆ మాట చేతికందింది. మాటలు అలా అరువు పోతుంటాయి, తప్పులేదు. కేంద్రప్రభుత్వంలో లైట్‌హౌస్‌ల శాఖకు హిందీ పేరు కూడా 'దీపస్తంభ్ ఔర్ దీపపోత్ మహానిదేశాలయ'. దీపపోతం అంటే లంగరు వేసి నిలిపిన దీపపు ఓడ. నాకు ఈ రెండో మాటే ఎక్కువ నచ్చింది.

చెన్నపురి:
పంతులుగారూ, అరువు సరే, కొలత సరిపోయిందా అన్నది నా సందేహం. మా చెన్నై లెక్క వినండి. ఇక్కడ ఇప్పటికి నాలుగు లైట్‌హౌస్‌లు. మొదటిది 1796లో, కోటలోని ఎక్స్ఛేంజి భవనం పైకప్పు మీద పెట్టిన దీపం. ఆ భవనంలోనే ఇప్పుడు కోట మ్యూజియం ఉంది. రెండోది 1844 నాటి నల్లరాతి స్తంభం. గ్రీకు దేవాలయాల స్తంభాల మోస్తరుగా చెక్కింది, హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ నిలబడి ఉంది. మూడోది 1894లో హైకోర్టు భవనపు గోపురం మీదికే ఎక్కింది. కింద న్యాయం, పైన దీపం. నాలుగోది 1977లో మెరీనా ఒడ్డున కట్టినది, దానికి లిఫ్టు కూడా ఉంది.

ఈ నాలుగింటిలో స్తంభం అనదగ్గది ఒక్కటే. మహాబలిపురంలోనైతే కొత్త బురుజు కట్టేదాకా, కొండ మీది పల్లవుల గుడి పైకప్పే దీపానికి పీట. కాబట్టి స్తంభం అనేది ఆ వస్తువు చేసే పనిని చెప్పడం లేదు, కొన్నిటి ఆకారాన్ని మాత్రమే చెబుతోంది. మలయాళం వాళ్లది విళక్కుమాడం, వంగవాసులది బాతిఘర్, సింహళీయులది ప్రదీపాగారయ. వీళ్లంతా దీపానికి ఇల్లు కట్టారు, మనం స్తంభం పాతాం. తమిళులు మాత్రం కట్టడాన్ని పట్టించుకోనేలేదు. వాళ్లది 'కలంగరై విళక్కం'.

తీరవాసి:
కరై అంటే ఒడ్డు కదండీ. ఓడల ఒడ్డున దీపం, అంతేనా?

చెన్నపురి:
నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తమిళులలోనే చాలామంది అలా అనుకుంటారు. కానీ కరై అనే క్రియ ఒకటి ఉంది, దానికి పిలవడం అని అర్థం. కాకి అరుపుకు కూడా వాడతారు. తిరుక్కురళ్‌లో 'కాక్కై కరవా కరైందుణ్ణుం' అని ఉంది: కాకి దాచుకోదు, తనవాళ్లను పిలుచుకుని తింటుంది. సంగం కాలపు తమిళ కావ్యం 'పెరుంబాణాఱ్ఱుప్పడై'లో ఒక రేవు వర్ణన వస్తుంది. ఆకాశానికి ఊతకర్ర పెట్టినట్టున్న ఎత్తైన మేడ, ఎక్కడం కష్టమైన దాని శిఖరానికి ఆనించిన నిచ్చెన, పైన రాత్రి వెలిగించిన కొరివి. ఆ రేవును కవి 'ఓడు కలం కరైయుం తుఱై' అంటాడు. సాగే ఓడలను పిలిచే రేవు. ఆ పంక్తిలోని కలం, కరై పక్కపక్కన చేరితే కలంగరై. స్తంభం లేదు, ఇల్లు లేదు. చీకట్లో ఒక పిలుపు, ఆ పిలుపు వినే ఓడ. ఈర్ష్య కలగదా చెప్పండి!

మన నిఘంటువుల్లోనూ కలము అంటే ఓడ అన్న అర్థం ఉంది. పాళీ పట్టుకునే కలం వచ్చి దాన్ని ముంచేసింది.

గోదావరి గట్టు:
కవిత్వం బాగుంది కానీ, ఓడ నడిపేవాడు మాట చూసి రాడు, మెరుపులు లెక్కపెట్టుకుని వస్తాడు. ప్రతి లైట్‌హౌస్‌కూ తన లయ ఉంటుంది. ఒకటి ఇన్ని సెకన్లకు ఒకసారి మెరిస్తే పక్కది వరుసగా రెండుసార్లు మెరిసి ఆగుతుంది. పటం పక్కన పెట్టుకుని, గడియారం చూసి, ఇది ఫలానా చోటు అని తేల్చుకుంటారు. దాని అసలు పేరు ఆ లయే.

పేర్ల మాట వచ్చింది కాబట్టి మా వైపు ఒకటి. 1867 జూన్ 19న అమెరికా నౌకాదళపు 'సాక్రమెంటో' గోదావరి ముఖద్వారం దగ్గర ఇసుకతిప్ప మీదికెక్కి పగిలిపోయింది. అందులోని వాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. తిప్పకు మాత్రం ఆ ఓడ పేరు మిగిలిపోయింది, లైట్‌హౌస్‌కూ అదే పేరు వచ్చింది. కాలిఫోర్నియాలోని ఊరి పేరు కోనసీమ కొబ్బరిచెట్ల వెనక ఎందుకుందని అడిగేవాళ్లకు ఇదీ కథ. ఉత్తరాన భీమిలి దాటాక శాంతపల్లి దగ్గర ఒక గుట్ట మీద 1847లో దీపం పెట్టారు. భీమిలి రేవుకు వచ్చే ఓడలు నీటిలో దాగిన రాళ్లకు తగలకుండా ఉండాలని. అంటే చెన్నపురిగారూ, అది 'రండి' అని పిలిచే దీపం కాదు, 'ఇటు రావద్దు' అని చెప్పే దీపం. మీ కలంగరై సగం లైట్‌హౌస్‌లకే సరిపోతుంది.

చెన్నపురి:
ఒప్పుకున్నాను. దెబ్బ తగిలింది.

సరస్సు ఒడ్డు:
అమెరికాలో మినెసోటా నుంచి రాస్తున్నాను, తెలుగు టైపింగు తప్పులు మన్నించాలి. మా దగ్గర సముద్రం లేదు, సుపీరియర్ సరస్సు ఉంది. సరస్సు అనగానే మనకు తామరపూలు, హంసలు గుర్తొస్తాయి. దీనికి ఆ మాట చాలదు. అవతలి ఒడ్డు కనబడదు, నవంబరులో కెరటాలు ఓడలను విరిచేస్తాయి.

1905 నవంబరు 28న అలాంటి తుపానులోనే 'మటాఫా' అనే ఓడ సరిగ్గా డులూత్ రేవు వాకిట్లో విరిగి ఆగిపోయింది. ఊరంతా ఒడ్డున నిలబడింది, సాయం వెళ్లే దారి లేదు. ఓడలోని వాళ్లకు ధైర్యంగా ఉంటుందని రాత్రంతా మంటలు వేశారు. తెల్లారేసరికి తొమ్మిది మంది చనిపోయారు. చెన్నపురిగారు చెప్పిన కొరివి చదవగానే నాకు ఆ మంటలే కళ్ల ముందు మెదిలాయి. అవి దారి చూపడానికి వేసినవి కావు, మేము ఇక్కడే ఉన్నామని చెప్పడానికి.

ఆ తుపాను తర్వాతే స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ కట్టారు, 1910లో వెలిగింది. కట్టడం 54 అడుగులే, పొట్టిగా ఎనిమిది పలకలతో ఉంటుంది. దాన్ని మోసే కొండచరియ మాత్రం 130 అడుగులు. స్తంభం అనాలంటే ఆ కొండనే అనాలి. పారిస్‌లో చేసిన గాజు కటకం పాదరసం మీద తేలుతూ తిరిగేది, పది సెకన్లకు ఒక మెరుపు. 1969లో ఆర్పేశారు.

అయినా ప్రతి నవంబరు 10న సాయంత్రం మళ్లీ వెలిగిస్తారు. 1975లో అదే తేదీన 'ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్' ఓడ 29 మందితో ఈ సరస్సులో మునిగింది. ఒక్కొక్క పేరూ చదివి గంట కొడతారు. ఆ చలిలో నిలబడి విన్నప్పుడు మా అమ్మగారు, ఊరి నుంచి చూడటానికి వచ్చారు, నెమ్మదిగా అన్నారు: "కార్తీకంలో ఆకాశదీపం పెట్టినట్టుందిరా."

విశ్రాంత పంతులు:
అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. నిన్నటి నుంచి నా నాలుక చివర ఆడుతున్న మాట ఆవిడ చెప్పేశారు. ఆకాశదీపం!

తెలియని పిల్లల కోసం: కార్తీకమాసంలో సాయంత్రం చిల్లులున్న చిన్న పాత్రలో దీపం పెట్టి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగుతారు. దూరం నుంచి చూస్తే స్తంభం కనబడదు, దీపం ఒక్కటే చీకట్లో వేలాడుతుంది. పితృదేవతలకు దారి కనిపించాలని పెడతారని మా ఇంట్లో చెప్పేవారు. ఇంకా చూడండి, కార్తీకదీపం దగ్గర చదివే శ్లోకం:

కీటాః పతంగాః మశకాశ్చ వృక్షాః
జలే స్థలే యే నివసంతి జీవాః

(నివసంతి అనే చోట విచరంతి అనే పాఠమూ ఉంది.) పురుగులు, మిడతలు, దోమలు, చెట్లు, నీటిలోనూ నేల మీదా ఉండే జీవులు ఏవైనా సరే, ఈ దీపాన్ని చూస్తే చాలు, మళ్లీ జన్మ లేదు అని, తర్వాత వచ్చే పాదంతో కలిపి భావం. దగ్గరికి రానక్కరలేదు, మొక్కనక్కరలేదు, చూస్తే చాలు. 'జలే' అన్న మాట మీద కాస్త ఆగండి. వెలిగించేవాడి కంటే చూసేవాడు ముఖ్యమైన దీపం మన దగ్గరా ఉంది. ఇది పిలుస్తుందా, వద్దంటుందా అన్న తగాదా కూడా దీనికి లేదు.

గోదావరి గట్టు:
పంతులుగారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోను. రేపు మీరు లైట్‌హౌస్‌ను ఆకాశదీపం అంటే ఎల్లుండి ఇంకో పిల్ల అడుగుతుంది, దాన్ని కార్తీకంలోనే ఎందుకు వెలిగించరు అని. ఒక గుడి మాట తీసి ఇంకో గుడి మాట పెట్టారు. రేవులో లైట్‌హౌస్ అనే అంటారు, అది బస్సు, రైలు లాగా మనదైపోయింది. రాతలో దీపస్తంభం ఉండనివ్వండి. ఆకాశదీపాన్ని మాత్రం దాని చోట ఉండనివ్వండి, అది అంత చవగ్గా ఇచ్చే మాట కాదు.

విశ్రాంత పంతులు:
చివరి వాక్యంతో నన్ను ఓడించారు.

తీరవాసి:
ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. దోమలకు కూడా మోక్షమా అని నవ్వింది, పొట్టి లైట్‌హౌస్ బొమ్మ చూపించమంది. ఓడలకు దారి చూపిస్తుందా అన్న ప్రశ్న మరిచిపోయింది. ఇప్పుడు గుళ్లో రాతి స్తంభం మీద దీపాలు ఎన్ని పడతాయో లెక్కపెట్టాలట.

బోర్డు గురించి ఈరోజు ఉత్తరం రాసి పంపాను. పంతులుగారు మన్నించాలి, ద్వీపాన్ని కాపాడలేకపోయాను, రెండు తప్పులూ దిద్దమని రాశాను. ఉత్తరం ఫొటో కింద పెడుతున్నాను.

విశ్రాంత పంతులు:
ఫొటో పెద్దది చేసి చూశాను. విషయం బాగా రాశారు. మూడో పంక్తిలో మాత్రం 'దీపస్ధంభం' అని ధ ఒత్తు పడింది.